చారల మైదానం

నాకు ముక్కు మీద కోపమని మా అమ్మ అంటుంది. మా ఆయన మాత్రం, "గది కోపం గాదు, మొండితనం. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు దిగుతది," అంటాడు. ఆయన మాటే నిజమేమో. నేను ఎన్నడూ చూడని, చూస్తానన్న నమ్మకం కూడా లేని ఒక గడ్డిమైదానం కోసం చలికాలమంతా ఆఫీసులో పేచీ పెట్టుకుని కూర్చున్నాను. ఆ మైదానం ఉన్నది అమెరికాలో, వాయవ్య మూలన. నేనున్నది జర్మనీలో, సాక్సనీ రాష్ట్రంలో, ఫ్రైబర్గ్ అనే పాత గనుల ఊళ్లో. మా ఇద్దరినీ కలిపింది ఒక పాత పటం.

ఫ్రైబర్గ్‌కి మనవాళ్లు గనులూ లోహాలూ చదవడానికి వస్తారు. నేను భూమి కింద ఏముందో వాళ్లకు వదిలేసి, పైన ఏముందో కంప్యూటర్‌లో గీసే చదువు చదివాను. అది అయ్యాక దగ్గరి నగరంలో ఒక మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. పొద్దున రైలెక్కి వెళ్లి సాయంత్రానికి ఇంటికొస్తాను. మా ఆయనది ఇంట్లోంచి చేసే సాఫ్ట్‌వేర్ పని కాబట్టి పాపను కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దింపేదీ, తిరిగి తెచ్చేదీ ఆయనే. నా పని మ్యూజియంలోని పాత పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. గడువున్న కాంట్రాక్టు. గడువు దగ్గర పడినప్పుడల్లా మా ఇంట్లో అందరం కాస్త మర్యాదగా మాట్లాడుకుంటాం.

ఆ పటం ఒక ఇనుప సొరుగులో ఉండేది. మంచమంత వెడల్పు, అరచేయంత లోతు ఉన్న సొరుగు. వందేళ్లు దాటిన కాగితం, వెనక గుడ్డ అంటించి ఉంది. గీసిన మనిషి ఇక్కడివాడే. పడవల్లోనూ గుర్రం మీదా ఆ దేశమంతా తిరిగి, కనబడిన వాళ్లనల్లా ఆ కొండ అవతల ఏ భాష మాట్లాడతారని అడిగి, వాళ్లు చెప్పినచోటల్లా రంగులద్దాడు. ఆ పటంలో ఎక్కువ చోటు సేలిష్ వాళ్లది. సేలిష్ అంటే ఒక్క భాష కాదు, ఒక కుటుంబం. మనకు తెలుగూ కన్నడమూ గోండీ ఒక ఇంటి పిల్లలైనట్టు, అక్కడ సముద్రం ఒడ్డు నుంచి పర్వతాల అవతలి పీఠభూమి దాకా ఆ ఇంటి భాషలున్నాయి. వాటన్నిటికీ ఆయన ఆకుపచ్చలో రకరకాల ఛాయలు వాడాడు. పొరుగున దక్షిణాన ఉన్న సహాప్టిన్ భాషలకు గోధుమ రంగు, తూర్పున కూటెనైకి పసుపు, ఉత్తరాన మరొకరికి నీలం.

మొదటిసారి సొరుగు లాగినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది. నీళ్ల రంగులు అంచుల దగ్గర ఒకదాంట్లోకి ఒకటి పారి ఉన్నాయి. చేత్తో రంగులేసిన మనిషి తొందరపడలేదని చూస్తేనే తెలుస్తుంది. అదే పటాన్ని తర్వాత ఎవరో అచ్చు వేయించారు. అచ్చు పటంలో రంగుల మధ్య నల్లటి గీతలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి.

నాకంటే ముందు ఆ కాంట్రాక్టులో ఉన్నవాళ్లు అచ్చు పటాన్ని చూసి కంప్యూటర్‌లో గీశారు. నా వంతు దాన్ని చేతి పటంతో సరిచూసి, 'ఫ్రైగాబె' ఇవ్వడం. అంటే 'సరిగా ఉంది, బయటికి పంపొచ్చు' అని బాధ్యుల పేరుతో నొక్కే బటన్. ఇక్కడ ఆ బటన్ నొక్కనిదే ఏ పనీ గడప దాటదు. అది నొక్కాక పటం ఇంటర్నెట్‌లోకి వెళుతుంది, మా ఎగ్జిబిషన్‌లో గోడంత బోర్డు మీదికి ఎక్కుతుంది, ఇంకో ప్రతి అక్కడి సేలిష్ వాళ్ల బడికి కానుకగా పోతుంది. ఏదో వారంలో తేలిపోయే పని అనుకున్నాను.

ఆకుపచ్చకీ గోధుమకీ నడుమ, ఒక నది వంపు పక్కన, చేతి పటంలో ఒక చిన్న మైదానం ఉంది. అది ఆకుపచ్చా కాదు, గోధుమా కాదు. ఒక చార ఆకుపచ్చ, ఒక చార గోధుమ, మళ్లీ ఆకుపచ్చ, మళ్లీ గోధుమ. రంగులు పొరపాటున పారినవి కావు. సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి వేసిన చారలు. అచ్చు పటంలో ఆ చోటంతా ఒకే ఆకుపచ్చ. అచ్చువేసిన వాళ్లకు చారలు కుదరలేదో, చూడ్డానికి గజిబిజిగా ఉందనుకున్నారో గానీ, మైదానాన్ని తీసుకెళ్లి సేలిష్ వాళ్లకు రాసిచ్చేశారు.

సరే, దిద్దుదామని కూర్చున్నాను. మైదానాన్ని ఆకుపచ్చ ముక్కలో ఉంచి, గోధుమ ముక్కను కూడా దాని మీదికి జరిపాను. కంప్యూటర్ ఎర్రగా మెరిసి తప్పంది. ఒక ముక్క మీద ఇంకో ముక్క పడకూడదు, అది నియమం. ఇళ్ల స్థలాల కొలతల కోసం పుట్టిన నియమం. ఒకే స్థలానికి ఇద్దరు యజమానులుంటే ల్యాండ్ ఆఫీసు వాళ్లకు తల ప్రాణం తోకకొస్తుంది కదా. పైగా ఒక్కో ముక్కకు 'భాష' అని ఒక గడి ఉంది. అందులో ఒకే ఒక్క పేరు పడుతుంది. రెండో పేరు రాస్తే మొదటిది చెరిగిపోతుంది.

నేను పళ్లు కొరికాను. ఆ గడిని చూడటం నాకది మొదటిసారి కాదు.

మాది ఆసిఫాబాద్ వైపు గుట్టల మీది ఊరు. రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే ఊరు. ఇద్దరు సర్పంచులు, రెండు బడులు, ఇంటింటికీ రెండు రేషన్ కార్డులు. నాన్న తెలుగు బడి పంతులు, బదిలీ మీద వచ్చి, ఆ ఊరి మరాఠీ ఇంటి పిల్లను పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. మా ఇంట్లో వంటగది మరాఠీ, వాకిలి తెలుగు, పొలానికి పోతే కూలీలతో గోండీ. నాకు చిన్నప్పుడు అవి వేర్వేరు భాషలని తెలియదు. ఒక్కో చోటికి ఒక్కో మాట అనుకునేదాన్ని.

ఒకసారి ఎవరో సారు జీపులో వచ్చి మా వాకిట్లో మ్యాపు పరిచాడు. ఎర్ర పెన్ను పట్టుకుని, "అసలు మీరు ఎటువైపమ్మా? ఏదో ఒకటి చెప్పండి," అన్నాడు. మా అమ్మ చాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టి, "రెండు దిక్కులా సార్. ఏ దిక్కు తీసేసినా సగం ఇల్లు పోతది," అంది. ఆయనకు అది జవాబులా వినబడలేదు. చాయ్ తాగుతూ మళ్లీ అదే అడిగాడు. అమ్మ మళ్లీ అదే చెప్పింది. చివరికి ఆయన తనకు తోచినచోట గీత గీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఎర్ర గీత మా వంటగది మీదుగా పోయిందని నాన్న చాలా రోజులు నవ్వేవాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

మా విభాగం పెద్దావిడను నేను షెఫిన్ అంటాను. ఇక్కడ ఆడ బాసును అలాగే అంటారు. మంచిదే. పుట్టినరోజున కేకు తెస్తుంది, పాపకు జ్వరమంటే ముందే పంపించేస్తుంది. కానీ ప్రారంభోత్సవానికి తేదీ పడిపోయింది, ఆహ్వానాలు పోయాయి. నేను సొరుగు దగ్గరికి తీసుకెళ్లి చారలు చూపిస్తే కళ్లద్దాలు తీసి వంగి చూసింది.

"అందంగా ఉంది," అంది. "కానీ అచ్చు పటంలో ఆకుపచ్చే కదా. పరిశోధకులందరూ వాడేది అదే. ఎక్కువ భాగం ఎవరిదో వాళ్లకే ఇచ్చేయండి."

"సగం సగం ఉంది. ఎక్కువ ఎవరిదీ కాదు."

"అయితే మధ్యలో గీత గీయండి."

"మధ్యలో గీత లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇద్దరూ ఉన్నారు."

ఆమె గడియారం చూసుకుంది. "మీరు చెప్పేది నిజమే. కానీ కంప్యూటర్ ఒప్పుకోదు కదా," అంది. ఈ దేశంలో ఆ మాట తర్వాత చర్చ ఉండదు. అందరూ జాకెట్లు వేసుకుని ఇంటికి పోతారు.

నేను ఫ్రైగాబె నొక్కలేదు. "బడి వాళ్లను అడిగాక నొక్కుతాను," అన్నాను.

బడి వాళ్లతో వీడియో కాల్ పెట్టాం. మాకు సాయంత్రం, వాళ్లకు పొద్దున. తెర మీదికి వచ్చినావిడ ఆ బడిలో పిల్లలకు తమ సేలిష్ భాష నేర్పే టీచరు. నెరుస్తున్న జుట్టు, మెడలో బడి ఐడీ కార్డు, చేతిలో కాఫీ. పంతులు కూతుర్ని కాబట్టి నేను మనసులో టీచరమ్మ అనే అనుకున్నాను. షెఫిన్ పక్కనే ఉంది. కంప్యూటర్‌లో గీసిన పటం తెరిచి చూపించాను. టీచరమ్మ తన ఊరు వెతుక్కుంది, వాగు వెతుక్కుంది, అలా జరుపుకుంటూ నది వంపు దగ్గరికొచ్చి ఆగింది.

"మైదానం మొత్తం మాకే ఇచ్చేశారే!" అని పకపకా నవ్వింది. "మా పొరుగువాళ్లు ఇది చూస్తే నన్నింక పెళ్లిళ్లకు పిలవరు."

షెఫిన్ మర్యాదకు నవ్వింది. నేను కెమెరాను సొరుగు వైపు తిప్పి చేతి పటం చూపించాను. టీచరమ్మ నవ్వు ఆపేసింది. కాఫీ కప్పు కింద పెట్టి, ముఖం తెరకు ఆనించినంత దగ్గరికి తెచ్చి చాలాసేపు చూసింది.

"మా అమ్మమ్మ ఆ గోధుమ చారల వైపు పిల్ల," అంది. "తాతది ఆకుపచ్చ. వాళ్లిద్దరూ కలిసింది ఆ మైదానంలోనే."

అక్కడ నీలి పూలు పూసే ఒక గడ్డ దొరుకుతుందట, కామస్ అంటారు. పూలున్నప్పుడే తవ్వాలి. ఎందుకంటే పక్కనే తెల్లపూల గడ్డ ఇంకోటి ఉంటుంది, అది విషం. పూలు రాలాక చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆ రోజుల్లో రెండు వైపులవాళ్లూ వచ్చి గుడారాలు వేసుకుని, ఆడవాళ్లు కర్రలతో గడ్డలు తవ్వి, గొయ్యిలో రాళ్లు కాల్చి, ఆకులు పరిచి, మట్టి కప్పి మగ్గబెట్టేవాళ్లు. తీస్తే మన చిలగడదుంపలా తియ్యగా ఉంటుందని ఆవిడ చెప్పిన దాన్నిబట్టి నాకు అర్థమైంది. అమ్మమ్మ తవ్వేటప్పుడు ఒక భాషలో మాట్లాడేదట, వడ్డించేటప్పుడు ఇంకో భాషలో. ఎందుకని అడిగితే, తవ్వడం మా అమ్మ నేర్పింది, వడ్డించడం అత్తగారు నేర్పిందని చెప్పేదట.

షెఫిన్ నెమ్మదిగా అడిగింది, "అయినా పటం మీ వైపే ఉంది కదా. మీకు అభ్యంతరమా?"

"ఉంది," అంది టీచరమ్మ. "ఒకప్పుడు కోర్టులో మావాళ్లను అడిగారు, ఈ మైదానం మీ ఒక్కరిదేనా అని. పెద్దవాళ్లు అబద్ధం చెప్పలేక మాదీ, వాళ్లదీ అన్నారు. అలాగైతే ఎవరిదీ కాదని కోర్టువాళ్లు రాసుకున్నారు. వాళ్లనూ అదే అడిగారు, వాళ్లూ అదే చెప్పారు, వాళ్లకూ అదే జరిగింది. నా క్లాసులో సగం మంది పిల్లలకు రెండు వైపులా అమ్మమ్మలున్నారు. గోడ మీద ఈ పటం పెడితే అందులో ఒక అమ్మమ్మను నేనే దాచిపెట్టినట్టు. ఇలాగైతే పంపకండి, నేను పెట్టను."

ఆవిడ గొంతు పెంచలేదు, బతిమాలలేదు. తనకు లాభమైన తప్పును వద్దంటున్న మనిషిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆ మైదానం చారలతోనే గడప దాటుతుంది, లేకపోతే దాటదు. అప్పుడే అనుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది అసలు పేచీ. షెఫిన్ ముందు మైదానాన్ని బూడిద రంగు చేసి 'మిశ్రమం' అని రాద్దామంది. టీచరమ్మకు పంపితే, "బూడిద రంగు మనుషులు అక్కడ ఎప్పుడూ లేరు," అని జవాబొచ్చింది. తర్వాత చుక్కల గీత పెట్టి 'వివాదాస్పదం' అని రాద్దామంది. ఈసారి నేనే ఒంటికాలి మీద లేచాను. "వివాదం ఎక్కడుంది? వాళ్లిద్దరూ కలిసి వండుకుని తిన్నారు. తగువు మన కంప్యూటర్‌ది," అన్నాను. ఆఫీసులో నా గొంతు అంత పెద్దగా వినడం వాళ్లకు అదే మొదటిసారి. పక్క గదిలో టైపింగ్ ఆగిపోయింది.

ఉన్న దారి ఒక్కటే. మొత్తం విప్పేసి, భాషకొక పొర చేసి మళ్లీ గీయడం. పొరలు వేర్వేరైతే ఒకదాని మీద ఒకటి పడినా నియమం అడ్డు రాదు. కానీ అప్పటిదాకా గీసిన సరిహద్దులన్నీ మళ్లీ మొదటి నుంచి గీయాలి. వెబ్‌సైట్ చేసే కంపెనీ కుదరదని మెయిల్ పెట్టింది. సమయం లేదని షెఫిన్ చెప్పింది.

ఇంట్లో మా ఆయన అన్నం వడ్డిస్తూ నా ముఖం చూశాడు.

"గా మ్యాపు సంగతేనా మళ్ల?"

"ఆఁ."

"కాంట్రాక్ట్ పొడిగించే ఫెర్లేంగెరుంగ్ కాయితం మీద షెఫిన్ సంతకం వెట్టాలె గదనే. గిప్పుడు ఆమెతోని లొల్లి అవసరమా?"

"లొల్లి నేను వెడ్తలేను. ఉన్నది ఉన్నట్టు గీస్తనంటున్న, గంతే."

"ఎవరి భూమి, ఎవరి భాష. నీకెందుకింత?"

"మా ఇంటికొచ్చినవ్ గద. వంటింట్ల మా అమ్మతోని ఏ భాషల మాట్లాడినవ్?"

ఆయన నిజామాబాద్ మనిషి. పెళ్లయిన కొత్తలో మా అమ్మను మెప్పించడానికి నేర్చుకున్న నాలుగు మరాఠీ ముక్కలు గుర్తొచ్చినట్టున్నాయి, నవ్వాడు. "సరే తియ్. ఉద్యోగం పోతే ఇంకోటి దేవులాడుదాం. శని, ఆదివారాలు పాపను నేను జూస్కుంట," అన్నాడు. ఆ మాట ఎంత పెద్దదో ఆయనకు తెలుసు. నేను పప్పు గిన్నె ఆయన వైపు జరిపాను.

అలా మొదలుపెట్టాను. ఆఫీసు పని ఆఫీసులో చేస్తూనే, ఖాళీ దొరికితే పొరలు గీశాను. రైల్లో గీశాను, శనివారం పొద్దున పాప కార్టూన్లు చూస్తుంటే పక్కన కూర్చుని గీశాను. చేతి పటాన్ని అంత దగ్గరగా చూస్తూ పోతే గీసిన మనిషి మీద గౌరవమూ పెరిగింది, కోపమూ పెరిగింది. ఎవరిని అడిగాడో వాళ్ల పేరు ఒక్కటీ రాసుకోలేదు పెద్దమనిషి. కొన్నిచోట్ల అసలు వెళ్లకుండానే రంగేసినట్టుంది. కానీ ఆ మైదానం దగ్గర ఎవరో ఆయనతో మాదీ, వాళ్లదీ అని చెప్పి ఉంటారు. ఆయన ఇంకోసారి అడగకుండా ఆ జవాబునే నమ్మాడు. మా వాకిట్లో చాయ్ తాగిన సారు కంటే ఈయన నయం.

పొరలు పూర్తయ్యాక కొత్త చిక్కొచ్చింది. ఏ పొర పైన పెడితే ఆ రంగే కనబడుతుంది, కిందిది దాగిపోతుంది. రంగులు పలుచన చేసి చూశాను, మురికి నీళ్లలా అయింది. ఎవరిని పైన పెట్టాలి? కాగితాల మీద గీసి గీసి చూశాను. పాప వచ్చి నా మోచేతి మీద గడ్డం ఆనించి, ఇది ఎవరిదని జర్మన్‌లో అడిగింది. "వేమ్ గెహ్యోర్ట్ దస్, మామా?"

"ఇద్దరిది బిడ్డా."

"ఆఖ్ సో," అంటే ఓహో అలాగా అని, బొమ్మల దగ్గరికి పోయింది. దానికి అంతకంటే వివరణ అక్కర్లేకపోయింది. నేను కాగితం పక్కకు నెట్టి, చేతి పటం గీసినాయన చేసిన పనే చేశాను. చారలు. ఎవరూ పైన లేరు, ఎవరూ కింద లేరు, పక్కపక్కన ఉన్నారు. కంప్యూటర్‌కు ఆ చారలు నేర్పడానికి ఇంకొన్ని రోజులు పట్టింది.

తయారైన పటం పట్టుకుని షెఫిన్ గదికి వెళ్లాను. చూసింది. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. "గోడ బోర్డు ఇప్పటికే అచ్చుకు పోయింది. మీ ముందువాళ్లు గీసిన పటంతో. మీరు ఫ్రైగాబె ఇవ్వకపోయేసరికి నేనే ఇచ్చాను. తేదీ ఆగదు కదా," అంది.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆమె ఊరు లౌజిట్స్ వైపని నాకు తెలుసు. అక్కడ జర్మన్‌తో పాటు సోర్బ్ భాష మాట్లాడేవాళ్లున్నారు, ఊరి బోర్డుల మీద రెండు పేర్లుంటాయి. వాళ్ల నాయనమ్మ సోర్బ్ భాషలో ప్రార్థనలు చదివేదని ఒకసారి కేకు కోస్తూ తనే చెప్పింది.

"మీ ఊరిని ఈ పటంలో గీయమంటే ఏ రంగు వేయమంటారు?" అని అడిగాను.

"అది వేరు," అంది వెంటనే.

"ఎట్లా వేరు?"

"అది మా ఊరు," అంది, ఇంకా గట్టిగా. ఆ మాట ఆమెకే వినబడింది. కిటికీ వైపు తిరిగింది. నేను అనాల్సింది ఆమే అనేసింది. అటే చూస్తూ, ఇంటర్నెట్‌లోకి నా పటమే పోతుందని, కంపెనీతో తనే మాట్లాడతానని చెప్పింది. బోర్డు మాత్రం మళ్లీ అచ్చు వేయించే వీలు లేదంది.

"మళ్లీ అచ్చు వద్దు. నాకు ఒక సన్న కుంచె, గోధుమ రంగు డబ్బా కావాలి," అన్నాను.

అచ్చయిన బోర్డు మీద చేత్తో రంగు! ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కుదరదంది. మ్యూజియంలో వస్తువు మీద రంగు వేయడమా అంది. అది వస్తువు కాదు, మన తప్పు అన్నాను. ఆమె తలుపు తీసింది, వెళ్లమని. నేను వెళ్లాను.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు, హాల్లోకి వెళ్లాను. సంచిలో పాప పెయింటింగ్ కుంచె, బజార్లో కొన్న గోధుమ రంగు. చెప్పకుండా వేసేద్దామనే వచ్చాను, ఆ తర్వాత ఏమైనా కానీ అనుకున్నాను. బోర్డు ముందు షెఫిన్ నిలబడి ఉంది. చేతిలో పొడుగాటి ఉక్కు స్కేలు.

"చారలు తిన్నగా రాకపోతే చూడలేను," అంది.

ఆమె స్కేలు పట్టుకుంది, నేను రంగు వేశాను. ఆకుపచ్చ అచ్చు మీద గోధుమ చారలు, ఒకటి విడిచి ఒకటి. ఒకచోట కుంచె జారి చార కాస్త వంకరపోయింది. ఆమె స్కేలును తర్వాతి చారకు జరిపింది. రంగు ఆరేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ఆమె సంచిలోంచి ఫ్లాస్కు తీసి నాకూ కాఫీ పోసింది.

సాయంత్రం సభలో టీచరమ్మ తెర మీద ఉంది. ఉపన్యాసాలయ్యాక, కెమెరాను బోర్డు దగ్గరికి తెమ్మంది. నేనే పట్టుకెళ్లాను. చారలు చూసి ఆవిడ గడ్డ పేరు ఒక భాషలో అంది, తర్వాత ఇంకో భాషలో అంది. సభకు అర్థం కాలేదు, అయినా ఎవరూ కదల్లేదు. "మీ ఎగ్జిబిషన్ అయిపోయాక నాకు ఆ బోర్డే కావాలి. కంప్యూటర్‌ది వద్దు, వంకర చార ఉన్నదే పంపండి," అంది.

పంపించాం. నా కాంట్రాక్టు పొడిగింపు మీద షెఫిన్ ఆ నెలలోనే సంతకం పెట్టింది.

మొన్న ఎండాకాలంలో టీచరమ్మ నుంచి ఒక ఫోటో వచ్చింది. క్లాసు గోడ మీద పటం, పిల్లలకు అందేంత ఎత్తులో. మిగతా పటమంతా కొత్తగా నిగనిగలాడుతోంది. నది వంపు దగ్గర మాత్రం నా గోధుమ చారలు అరిగిపోయి, వాటి కింద అచ్చులోని ఆకుపచ్చ బయటపడుతోంది. కింద ఆవిడ రాసింది చదివాను. రోజూ క్లాసులోకి వచ్చేటప్పుడు ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ అక్కడ వేలు పెట్టి, మా అమ్మమ్మ ఇక్కడ అని చెప్పి లోపలికి వస్తారట. వేళ్ల కింద రంగు ఆగడం లేదట. ఊరుకుంటే మైదానం మళ్లీ మా ఒక్కరిదే అయిపోతుంది, ఈసారి పిల్లలే వేస్తామంటున్నారు, అది ఏ గోధుమ రంగో చెప్పండి అని రాసింది.

రంగు పేరు రాసి ఊరుకోవచ్చు. కానీ అక్కడ సరిగ్గా అదే దొరుకుతుందో లేదో. ఫోటో షెఫిన్‌కు చూపించాను. ఆమె సొరుగులోంచి తన ఉక్కు స్కేలు తీసి నా బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం భోజనం మానేసి ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్లి, రంగు డబ్బాలూ కుంచెలూ స్కేలూ కలిపి ఒక పెట్టెలో కట్టి పంపించాం.